పాత నాణెం మీద గీత: తగిలిన దెబ్బా, అచ్చులోనే వచ్చిందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పాత వెండి నాణెం ఒకటి చేతికొచ్చింది, బొమ్మ వైపు గడ్డం కింద మొదలై అక్షరాల మధ్యలోంచి అంచు దాకా వెంట్రుకంత సన్నటి గీత ఉంది, బొరుసు వైపు తేదీ పక్కన గోరంత సొట్ట ఉంది, అక్కడ తేదీలో అంకె ఒకటి ఒరిగినట్టో నలిగినట్టో ఉంది, చూసినవాళ్ళలో ఒకరేమో మింట్ ఎర్రర్ (టంకశాలలో నాణెం కొట్టేటప్పుడే వచ్చిన లోపం) జాగ్రత్తగా దాచుకో అన్నారు, ఇంకొకరేమో ఎవరో గీకేశారు పక్కన పడెయ్ అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి అని.

ముందు జవాబు చెప్పేస్తా. గీత నాణెం చదును కంటే పైకి లేచి ఉంటే అది అచ్చులోంచి వచ్చిందే, లోపలికి దిగి ఉంటే చాలావరకు బయట తగిలిన దెబ్బే. రెండు వైపులా మినహాయింపులు ఉన్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. సొట్ట సంగతికొస్తే మీరు చెప్పిన తీరు బట్టి అది దెబ్బే అనిపిస్తోంది, ఎందుకో తర్వాత చెప్తా. నేను ఇరవై ఏళ్ళ పైగా పాత నాణేలు కొంటూ అమ్ముతూ, ఎక్కువగా చూస్తూ ఉన్నవాణ్ణి, మొదటి అయిదారేళ్ళలో ఈ విషయంలో చెయ్యని తప్పు లేదు.

కారణం చాలా సింపుల్. నాణెం పోత పోసింది కాదు, చల్లటి లోహపు బిళ్ళని రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒక్క గుద్దుతో నొక్కింది. (పోత పోసిన నాణేలు కూడా చరిత్రలో ఉన్నాయి, మెషిన్ నాణేల్లో మటుకు పోత గుర్తులు కనపడితే ముందు నకిలీ అని అనుమానించాలి.) అచ్చు మీద బొమ్మ అద్దంలోలాగా ఎడమకుడులు మారి, లోపలికి చెక్కి ఉంటుంది, అంటే అచ్చులో పల్లం అయినదల్లా నాణెం మీద మెట్ట అవుతుంది. వేలకొద్దీ నాణేలు కొట్టాక ఉక్కు అలిసిపోయి పగుళ్ళిస్తుంది, ఆ పగులులోకి వెండి చొచ్చుకుపోతుంది, నాణెం మీద సన్నటి కట్టలాగా లేచిన గీత వస్తుంది. దాన్నే డై క్రాక్ అంటారు. అంచు దగ్గర అచ్చు ముక్క ఏకంగా ఊడిపోతే అక్కడ నాణెం మీద అక్షరాలేమీ లేని నున్నటి ముద్ద వస్తుంది, అది కడ్. మీ జేబులో తాళంచెవి గీకితే మాత్రం లోహం పోతుందే కానీ కొత్తగా మొలవదు కదా, అదీ తేడా.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. అసలు కష్టం ఎక్కడంటే లేచిందో దిగిందో కంటితో చూసి చెప్పడం అనుకున్నంత తేలిక కాదు, ఫోటోలో అయితే మరీనూ. మన కళ్ళకి వెలుతురు పైనుంచే వస్తుందని ఒక అలవాటు, కింద నుంచి లైట్ పడ్డ ఫోటో చూస్తే గుంట బుడిపెలాగా, బుడిపె గుంటలాగా తిరగబడి కనిపిస్తాయి. మొదట్లో నేను ఒక రాగి నాణెం ఫోటో చూసి కిరీటం నుంచి అంచు దాకా అంత పెద్ద డై క్రాక్ ఎక్కడా చూడలేదని ఎగబడి తీసుకున్నా, చేతికొచ్చాక తిప్పి చూస్తే మేకుతో గీసిన గీత, అమ్మినాయన మోసమేమీ చెయ్యలేదు పాపం, ఫోటో తీసినప్పుడు టేబుల్ లైట్ కింది వైపు ఉంది అంతే.

దానికి నేను చేసే పని ఇది. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి ఒకే ఒక్క లాంప్ పెట్టుకుంటా, నాణేన్ని అంచులు పట్టుకుని లాంప్‌కి కాస్త ఏటవాలుగా ఉంచి, పది రెట్ల భూతద్దంలోంచి ముందు గీతని కాదు, దాని పక్కనున్న అక్షరాన్ని చూస్తా. అక్షరం లేచి ఉంటుందని మనకి ముందే తెలుసు కదా, దానికి లాంప్ వైపు అంచు మెరుస్తుంది, అవతలి వైపు నీడ పడుతుంది. ఇప్పుడు గీతని చూడండి. అక్షరానికి నీడ ఎటు ఉందో గీతకీ అటే ఉంటే లేచినట్టు, ఎదురు వైపు ఉంటే దిగినట్టు. తర్వాత నాణేన్ని మెల్లగా అర చుట్టు తిప్పండి, అక్షరం నీడా గీత నీడా జంటగా కదులుతాయా, ఎదురెదురుగా కదులుతాయా చూడండి. నిమిషం పని. దీంట్లో తేలకపోతే సూదితో తడిమి చూసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, లేని గీత మీరే గీసినవాళ్ళవుతారు.

రెండో పరీక్ష గీత ఒడ్డులు. పొలంలో నాగలి చాలు తీస్తే మట్టి రెండు పక్కలకీ లేస్తుంది చూడండి, వెండి మీద గీకినా అంతే, మధ్యలో చాలు, ఒకవైపో రెండువైపులో సన్నటి గట్టు. ఈ గట్టు చూసే కొందరు "పైకి లేచింది కదా" అని పొరబడతారు. కాబట్టి లేచిన గీత కనపడితే దాని పక్కనే చాలు కూడా ఉందేమో చూసుకోవాలి. డై క్రాక్‌కి పక్కన చాలు ఉండదు, చదును మీదనుంచి నేరుగా లేస్తుంది. ఇంకోటి, గీకిన గీత తిన్నగానో వంపుగానో ఒకే ఊపులో పోతుంది, డై క్రాక్ మాత్రం ఎండిన చెరువు పగులులాగా కాస్త వంకరటింకరగా, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా, తరచుగా ఒక అక్షరం మొదట్లోంచి ఇంకో అక్షరానికి దారి వెతుక్కుంటూ పోయి అంచుకి చేరుతుంది. అచ్చులో అక్షరాలు చెక్కిన చోట ఉక్కు బలహీనం కాబట్టి పగులుకి అదే దారి.

మూడోది నాకు బాగా ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే దీన్ని నాకెవరూ చెప్పలేదు, చూసి చూసి పట్టుకున్నా, తర్వాత తెలిసింది అందరికీ తెలిసిందేనని. గీత బొమ్మ దాటే చోట చూడండి. చదును మీద ప్రయాణం చేసే మేకు మొన బొమ్మ అంచుకి రాగానే ఎగిరి పైకెక్కుతుంది, దిగేటప్పుడు గోడ కిందనున్న మూలని తాకలేక ఎగిరి కాస్త దూరంలో పడుతుంది. అందుకని గీకుడు ఎత్తు మీద లోతుగా ఉంటుంది, మూలల్లో తెగిపోతుంది. డై క్రాక్‌కి ఆ ఇబ్బంది లేదు, గోడ ఎక్కి, దిగి, మూలలో కూడా తెగకుండా పోతుంది. మీ నాణెంలో గీత గడ్డం దగ్గర మొదలైందన్నారు, సరిగ్గా ఆ గడ్డానికీ చదునుకీ మధ్య మూలలో గీత ఉందా లేదా చూసి చెప్పండి, సగం తేలిపోతుంది.

గీత లోపల రంగు సంగతి. గీత తళతళమంటూ చుట్టూ నల్లగా ఉంటే కొత్త దెబ్బ అని గట్టిగా చెప్పొచ్చు. తిరగేసి మాత్రం చెప్పకూడదు, గీతలో కూడా మిగతా నాణెంలాగే నల్లబడి ఉంటే పాతదని మాత్రమే అర్థం, మింట్‌లో వచ్చిందని కాదు. నూరేళ్ళ కింద పడ్డ గాటు కూడా నాణెంతో పాటే నల్లబడుతుంది.

ఇక మినహాయింపులు. లోపలికి దిగినా మింట్‌లోనే వచ్చినవి ఉన్నాయి, ఇక్కడే చాలామంది మంచి నాణేలు పారేసుకుంటారు.

ఒకటి, అచ్చుకీ బిళ్ళకీ మధ్య ఏదైనా అడ్డం పడటం. తీగముక్క, గుడ్డపీలిక, లోహపు రజను ఏదైనా సరే, దాని ఆకారం నాణెంలోకి దిగుతుంది. దీనికి ఒడ్డున గట్టు ఉండదు, ఎందుకంటే లోహం పక్కకి దున్నుకుపోలేదు, నిటారుగా కిందికి నొక్కుకుపోయింది. గుంట అడుగు నున్నగా ఉంటుంది, గుడ్డ అయితే నేత కూడా కనిపిస్తుంది. గ్రీజు గడ్డకట్టి అచ్చులో అక్షరం పూడుకుపోతే ఆ అక్షరం మసకగా వస్తుంది లేదా అసలు రాదు. అమెరికా 1922 సెంట్లలో డెన్వర్ టంకశాల గుర్తయిన డి అక్షరం కనపడని రకం ఇలాంటి అచ్చుల బాపతే, మరి అదే సంవత్సరం మామూలు సెంట్ మీద డి అక్షరాన్ని గీకి తీసేసి అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. అక్షరం ఉండాల్సిన చోట చదును మెత్తగా ఉందా, గీకిన జాడ ఉందా అన్నదే తేడా.

రెండు, బిళ్ళలోనే లోపం. రేకు సాగదీసేటప్పుడు మలినం ఇరుక్కుంటే తర్వాత ఉల్లిపొరలాగా ఒక పొర లేచిపోతుంది. దీనికి ఒక మంచి కిటుకు: గుంట అడుగున డిజైన్ ఉందా చూడండి. పొర నాణెం కొట్టకముందే ఊడి ఉంటే అడుగున కూడా అక్షరం జాడ మసకగా అయినా పడుతుంది. కొట్టాక ఊడితే అడుగున గరుకు చారలు తప్ప ఏమీ ఉండదు, అయినా లోపం మాత్రం బిళ్ళదే.

మూడు, ఆకురాయి గీతలు. పాత రోజుల్లో బిళ్ళ కాస్త బరువెక్కువ ఉంటే ఆకురాయితో రాసి సరిచేసేవాళ్ళు, అమెరికా 1790ల వెండి డాలర్ల మీద, ఐరోపా పాత నాణేల మీద ఇవి చాలా మామూలు. దిగే ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి సమానంగా ఉంటాయి, చూడగానే ఎవరో పాడుచేశారనిపిస్తుంది. నాణెం కొట్టే దెబ్బకి చదును మీద ఇవి చాలావరకు అణిగిపోతాయి, అచ్చులో లోహం పూర్తిగా నిండని చోట, అంటే అంచు దగ్గరా బొమ్మలో ఎత్తైన భాగాల మీదా మిగిలిపోతాయి. గీతల ఒడ్డు పదును లేకుండా నలిగినట్టుంటే కొట్టకముందువి, పదునుగా గరగరలాడితే తర్వాతవి.

నాలుగు, అంచు కొరికినట్టు ఉండే క్లిప్. రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు అంతకుముందు కోసిన బెజ్జం మీద పడితే చంద్రవంకలాగా ముక్క పోతుంది. అసలుదైతే సరిగ్గా ఎదురు అంచున రిమ్, అంటే చుట్టూ లేచి ఉండే గట్టు, బలహీనంగా ఉంటుంది చాలాసార్లు, ఎందుకంటే బిళ్ళ చుట్టూ రిమ్ కట్టే మెషిన్ రెండు పక్కలా నొక్కుతుంది, ఒక పక్క లోహమే లేకపోతే ఎదురు పక్క ఒత్తిడి ఉండదు. కత్తెరతోనో ఆకురాయితోనో ముక్క తీసేసినవాడు ఎదురు అంచు గురించి ఎప్పుడూ ఆలోచించడు.

లేచి ఉన్నా డై క్రాక్ కానివి కూడా చూసుకోండి. జింకు మీద రాగి పూత పూసిన నాణేలు, అమెరికా సెంట్ 1982 నుంచి ఇలాంటిదే, పూత కింద గాలో తుప్పో చేరి పొక్కులొస్తాయి, కొత్తవాళ్ళు వాటిని చూసి అచ్చు పెచ్చు ఊడిందని సంబరపడతారు. కొక్కెం అతికించి మెళ్ళో వేసుకుని తర్వాత ఊడదీసిన నాణేల మీద టంకం ముద్ద మిగిలిపోతుంది, కడ్ అని నాకు చూపించిన వాటిలో ఇలాంటివి బోలెడు. టంకం రంగు కొంచెం వేరుగా ఉంటుంది, సాధారణంగా బొమ్మకి నడినెత్తినే ఉంటుంది, కొక్కెం పెట్టేది అక్కడే కదా. చిలుము గడ్డకట్టినా బుడిపెలాగే ఉంటుంది. నిజంగా తుప్పు పట్టిన అచ్చు అయితే నాణెం మీద చిన్నచిన్న గరుకు బుడిపెలు, నాణేనికే తుప్పు పడితే గుంటలు.

ఇప్పుడు మీ సొట్ట దగ్గరికొద్దాం. నన్ను నేను వేసుకునే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ నాణెం అచ్చుల మధ్య, చుట్టూ ఉక్కు కట్టు లోపల బిగిసి ఉన్నప్పుడు ఇది వచ్చే వీలుందా? సొట్ట వల్ల అంచు బయటికి పొంగి ఉంటే వీల్లేదు, అక్కడ ఉక్కు కట్టు ఉంది. సొట్ట పక్కన తేదీలో అంకె ఒకటి ఒరిగిందనో నలిగిందనో అన్నారు, అంటే అంకె పడ్డాక దెబ్బ తగిలింది. సొట్ట సరిగ్గా వెనక, అవతలి వైపు చదును కాస్త ఉబ్బినా అంతే, అచ్చుల మధ్య ఉండగా వెనక ఉబ్బడానికి చోటు లేదు. ఇంకో నాణెం అంచు తగిలిన దెబ్బ అయితే పొట్టి పొట్టి గాట్లు వరసగా దువ్వెన పళ్ళలాగా ఉంటాయి, అవి అవతలి నాణెం అంచు పళ్ళు. మోర్గాన్ డాలర్లు (అమెరికా పాత వెండి నాణేలు) వెయ్యేసి చొప్పున సంచుల్లో పోసి మోసేవాళ్ళు, వాటిలో వాడకంలోకి రాని నాణెం కూడా బొమ్మ బుగ్గ మీద ఇలాంటి గాట్లు లేకుండా దొరకడం కష్టం. అది మింట్ గోడల మధ్యే జరిగినా సరే మింట్ ఎర్రర్ కాదు, నాణెం పుట్టాక తగిలిన దెబ్బే.

అక్షరాలు రెండుగా కనిపించే నాణేల గురించి మీరు అడగలేదు కానీ ఎలాగూ అడుగుతారు. అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడితే రెండో అక్షరం కూడా మొదటిదానంత ఎత్తుగా, గుండ్రంగా, మూలల్లో చీలికతో ఉంటుంది, 1955 లింకన్ సెంట్ దీనికి పెద్ద పేరున్న ఉదాహరణ. కొట్టాక అచ్చు వదులుగా కదిలి రాసుకుంటే అక్షరం పక్కన బల్లపరుపుగా మెట్టు వస్తుంది, అసలు అక్షరం ఆ మేరకి సన్నబడుతుంది. రెండోది సర్వసాధారణం, దాని మీద ఆశలు పెట్టుకోకండి.

సన్నగీతల గుంపు ఇంకో తలనొప్పి. అచ్చుని సానపెట్టినప్పుడు దాని మీద పడ్డ గీతలు నాణెం మీద లేచి వస్తాయి, అవి చదును మీదే ఉంటాయి, బొమ్మ అంచుకి రాగానే ఆగిపోతాయి, ఎందుకంటే అచ్చులో బొమ్మ పల్లంలో ఉంది, సానరాయి అక్కడికి దిగదు. నాణేన్ని ఎవరో తోమితే వచ్చే గీతలు దిగి ఉంటాయి, బొమ్మ మీదనుంచి కూడా దర్జాగా పోతాయి. ఈ ఒక్క ముక్క తెలియక నేను తోమిన నాణెం ఒకటి అచ్చు సాన గీతలని చెప్పి స్నేహితుడికి ఇప్పించా, ఇప్పటికీ కలిసినప్పుడల్లా దెప్పుతాడు. సానపెట్టడం మితిమీరితే బొమ్మలో భాగమే మాయమవుతుంది, 1937లో డెన్వర్‌లో కొట్టిన మూడు కాళ్ళ బఫెలో నికెల్ (దున్న బొమ్మ ఉన్న అమెరికా అయిదు సెంట్ల నాణెం) అలా వచ్చిందే. నాలుగో కాలు చెక్కేసి దొంగవి చేస్తారు, అసలుదానికి పొట్ట కింద నుంచి నేల దాకా లేచిన చిన్న బుడిపెల వరస ఉంటుంది, వెనక కాలు కూడా కొరుక్కుతిన్నట్టు ఉంటుంది. కాలు తీసేసేవాడికి లోహం తియ్యడం వచ్చు కానీ బుడిపెలు మొలిపించడం రాదు.

మెషిన్‌తో కాకుండా సుత్తితో కొట్టిన నాణేలకి ఈ లెక్కలన్నీ పని చెయ్యవు, అది ముందే చెప్పాలి. అక్కడ ఉక్కు కట్టు లేదు, బిళ్ళ అంచులు చీలడం, బొమ్మ పక్కకి జరగడం, రెండు దెబ్బలు పడటం అన్నీ పుట్టుకతో వచ్చినవే. పాత రూపాయల మీద షరాఫులు (నాణేలు పరీక్షించి మార్చే వర్తకులు) వేసిన చిన్న ముద్రలు, వ్యాపారం కోసం కొట్టిన ట్రేడ్ డాలర్ల మీద చైనా వర్తకులు వేసిన చాప్ మార్కులు, ఏథెన్స్ గుడ్లగూబ నాణేల మీద లోపల వెండేనా కాదా అని పెట్టిన ఉలి గాట్లు మింట్‌వి కావు, లెక్కకి దెబ్బలే, కానీ వాటిని కోరి కొనేవాళ్ళు చాలామంది, నాకైతే అవి ఉన్న నాణెమే ముద్దు. అలాగే కావాలని పెట్టిన గుర్తుని లోపం అనుకోకండి, 1862 తేదీ ఉన్న బ్రిటిష్ ఇండియా రూపాయిని అదే తేదీతో 1874 దాకా కొట్టారు, వాటిలో తేదీ దగ్గర చిన్న చుక్కలున్న రకాలున్నాయి, ఆ చుక్కలు అచ్చులో ఉద్దేశపూర్వకంగా పెట్టినవి. ఏ టంకశాలలో కొట్టారో చెప్పే హైదరాబాద్ మింట్ నక్షత్రం, నోయిడా చుక్క లాంటివీ అంతే.

మీరు చెయ్యాల్సింది: నాణెం తోమకండి, టూత్‌పేస్ట్ అసలొద్దు, ఏదైనా తేలేది ఆ పైపొరలోనే. లాంప్ ఒకసారి ఎడమ పక్క పైన, ఒకసారి కుడి పక్క కింద పెట్టి నాణెం కదపకుండా రెండు ఫోటోలు తీయండి, గడ్డం మూల దగ్గరగా ఒకటి, అంచు పక్కనుంచి ఒకటి. గ్రాముల్లో రెండో దశాంశం దాకా బరువు చూడండి. గీత లేచి ఉండి గడ్డం మూలలో తెగకుండా ఉంటే మీకు మొదట చెప్పినాయన గెలిచినట్టు, కాకపోతే సన్నటి డై క్రాక్ అంత అరుదేమీ కాదు, దాని వల్ల నాణెం విలువ పెద్దగా పెరగదు, ఆ సొట్ట వల్ల తగ్గేదే ఎక్కువ.